ప్లగ్గులు మార్చేటప్పుడు వైర్లు కూడా మార్చి తీరాలా?

ప్రశ్న

నా పికప్ ట్రక్కుది డిస్ట్రిబ్యూటర్ (ఒక్కొక్క సిలిండర్‌కూ వంతులవారీగా విద్యుత్తును పంచే భాగం) ఉన్న ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజిన్, పోత ఇనుము హెడ్లు (సిలిండర్ల పైమూతలు, ప్లగ్గులు బిగించేది వీటిలోనే). 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. స్పార్క్ ప్లగ్గులు, వాటికి విద్యుత్తు తెచ్చే ప్లగ్ వైర్లు బండితో వచ్చినవే. ఖాళీగా వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు కానీ, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ (ఏదో సిలిండర్ మండకుండా తప్పిపోవడం) వస్తోంది. కొత్త ప్లగ్గులు తెచ్చుకున్నాను, ఇంట్లోనే మార్చుకోదలిచాను. వైర్లు కూడా మార్చాల్సిందేనని ఒకరు, అది వృథా అని మరొకరు చెబుతున్నారు. ప్లగ్గు మరలకు యాంటీసీజ్ పేస్టు (మర పట్టుకుపోకుండా రాసేది) రాయాలా వద్దా అన్నదానిమీదా ఇదే తగవు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

సమాధానం 1

కొలవకుండా ఏ భాగాన్నీ మార్చకూడదన్నది నా అభిప్రాయం. వైరు రెండు కొనలకూ మల్టీమీటర్ పెట్టి నిరోధం చూడండి. కార్బన్ తీగ ఉన్న వైర్లలో పొడవును బట్టి కొన్ని వేల ఓమ్‌లు ఉండటం సహజమే; రేడియోకూ ఇంజిన్ కంప్యూటర్‌కూ అలజడి కలగకుండా ఉండేందుకే ఆ నిరోధాన్ని కావాలని పెడతారు. ఒకే పొడవున్న వైర్లన్నీ దగ్గరదగ్గరగా చూపిస్తూ, మెల్లగా వంచినప్పుడు అంకె ఎగిరిపడకుండా ఉంటే ఆ వైర్లలో లోపం లేదు. బాగున్న అసలు వైర్లను తీసేసి నాసిరకం సెట్టు వేయడం వల్ల కొత్త జబ్బు తెచ్చుకున్నవారిని నేను చూశాను. ముందు ప్లగ్గులు ఒక్కటే మార్చి నడిపి చూడండి.

సమాధానం 2

పై మిత్రుడి జాగ్రత్తను గౌరవిస్తూనే, ఆయన నిర్ణయంతో విభేదిస్తున్నాను. మల్టీమీటర్ చెప్పేది లోపలి తీగ తెగిందా లేదా అన్నది మాత్రమే. ప్లగ్ వైరు చెడిపోయే తీరులో ఎక్కువ భాగం తీగది కాదు, దానిమీది తొడుగుది. మీటరు కొద్ది వోల్టులతో కొలుస్తుంది. వైరు మోసేది వేల వోల్టులు, ఒక్కోసారి పదుల వేల వోల్టులు. కొద్ది వోల్టులకు కనిపించని సన్నని పగులు అంత వోల్టేజీకి తెరిచిన తలుపు వంటిది.

ప్రశ్న వేసినవారు చెప్పిన లక్షణమే ఇక్కడ ముఖ్యం. ప్లగ్గు అరిగేకొద్దీ గ్యాప్ (నిప్పురవ్వ దూకే సందు) పెరుగుతుంది, గ్యాప్ పెరిగేకొద్దీ నిప్పురవ్వ దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు) పూర్తిగా తెరుచుకుని సిలిండర్ నిండా గాలి చేరుతుంది, పీడనం పెరుగుతుంది, దానితో కావలసిన వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. ఆ స్థితిలో విద్యుత్తు గ్యాప్‌ను దాటడం మాని, తొడుగులో ఎక్కడ బలహీనత ఉంటే అక్కడినుంచి ఇంజిన్ లోహంలోకి దిగిపోతుంది. అంటే అరిగిన ప్లగ్గే ఇన్నాళ్లుగా వైరును అదనపు ఒత్తిడికి గురిచేస్తూ వచ్చింది. అందుకే ఈ రెండింటి వయసునూ నేను వేరుగా చూడను.

మరొక సంగతి. ఇటువంటి ఇంజిన్లలో వైరు చివర ప్లగ్గుకు తొడిగే రబ్బరు క్యాప్, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కు (సిలిండర్లనుంచి పొగను బయటికి తీసుకుపోయే వేడి గొట్టాలకు) ఆనుకున్నంత దగ్గరగా ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ వేడికి ఎండి, ప్లగ్గు పింగాణీకి అతుక్కుపోతుంది. క్యాప్‌నే పట్టుకుని (వైరును ఎన్నడూ లాగకూడదు) సగం చుట్టు అటూ ఇటూ తిప్పి తీసినా, ఆ వయసులో చినగకుండా వచ్చేవి తక్కువ. క్యాప్ లోపల నల్లటి సన్నని గీత కనిపిస్తే అది విద్యుత్తు పారిన కార్బన్ దారి. అటువంటి క్యాప్‌ను కొత్త ప్లగ్గుకు తొడిగితే, కొత్త పింగాణీ మీద కూడా అదే దారి పడుతుంది.

అనుమానం తీరాలంటే రాత్రి చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా వైర్లమీద, క్యాప్‌ల దగ్గర సన్నని నీటి తుంపర చల్లి చూడండి. లీకు ఉన్నచోట నీలి రవ్వలు కనిపిస్తాయి. ఆ సమయంలో ఏ వైరునూ చేత్తో తాకకండి, ఫ్యానుకూ బెల్టులకూ దూరంగా ఉండండి. తిరిగే ఇంజిన్ దగ్గర చీకట్లో చేసే పని కనుక దీనిని తేలిగ్గా తీసుకోవద్దు.

మార్చేటప్పుడు ఒక్కొక్క వైరునే తీసి, పొడవు పోల్చి, కొత్తది పెట్టిన తర్వాతే రెండోదానికి వెళ్లండి. వైర్లను పట్టే క్లిప్పులను పారేయకండి. అవి అందానికి పెట్టినవి కావు. ఉదాహరణకు షెవర్లే పాత స్మాల్ బ్లాక్ వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్)లో ఫైరింగ్ క్రమం, అంటే సిలిండర్లు మండే వరుస, 1-8-4-3-6-5-7-2. అందులో 5, 7 పక్కపక్క సిలిండర్లు, ఒకదాని వెనుక ఒకటి మండేవి. ఆ రెండు వైర్లు చాలా దూరం ఒకదానినొకటి ఆనుకుని వెళ్తే, 5వ వైరులో పారే విద్యుత్తు 7వ వైరులో కూడా ప్రేరణ కలిగించి, ఆ సిలిండర్ ఇంకా కంప్రెషన్‌లో ఉండగానే ముందుగా మండించే ప్రమాదం ఉంది. కొత్త వైర్లు వేశాక ఇంజిన్ కొట్టుకుంటోందని వచ్చే ఫిర్యాదులకు ఇది ఒక కారణం, ప్లగ్గులనో పెట్రోలునో తప్పుపట్టి లాభం లేదు.

సమాధానం 3

పేస్టు సంగతి చెబుతాను. ఇప్పుడు వచ్చే ప్లగ్గుల మరలకు తుప్పు పట్టకుండా, పట్టుకుపోకుండా లోహపు పూత ఉంటుంది. అటువంటి వాటికి యాంటీసీజ్ రాయవద్దని ఎన్‌జీకే వంటి తయారీదారులే చెబుతున్నారు. మర జారుడుగా మారితే టార్క్ రెంచ్ (ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే పానా) చూపే అంకె ఒకటి, మర మీద పడే బిగువు మరొకటి అవుతుంది. పొడి మరకు ఇచ్చిన అంకె వరకు బిగిస్తే ప్లగ్గు సాగి చెడవచ్చు, అల్యూమినియం హెడ్ అయితే మరే ఊడివస్తుంది. 14 మిల్లీమీటర్ల మర, వాషరు ఉన్న కొత్త ప్లగ్గుకు అల్యూమినియం హెడ్‌లో సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు చాలు. రెంచ్ లేనివారు చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు బిగించవచ్చు. వాషరు లేకుండా ఏటవాలు అంచుతో కూర్చునే ప్లగ్గుకు చుట్టులో పదహారో వంతు సరిపోతుంది. ఈ తేడా తెలియకనే చాలామంది మరలు పాడుచేసుకుంటున్నారు.

సమాధానం 4

ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేను. పూత లేని నల్లటి మరల ప్లగ్గులు ఇంకా దొరుకుతున్నాయి. వాటికి మొదటి రెండు మరలు వదిలి పలచగా రాసి, టార్క్ తగ్గించి బిగించడంలో తప్పులేదు. ఫోర్డ్ 5.4 లీటర్ల మూడు వాల్వుల ట్రైటన్ ఇంజిన్‌లో రెండు ముక్కలుగా చేసిన ప్లగ్గు కింది గొట్టం మసితో హెడ్‌లో పట్టేసి, తీసేటప్పుడు విరిగిపోవడం పేరుపడిన సమస్య. అక్కడ కంపెనీయే పేస్టు రాయమంది. అయితే ఆ గొట్టానికి మాత్రమే, మరలకు కాదు. కనుక ఏ ప్లగ్గు, ఏ హెడ్ అన్నది చూడకుండా ఒకే నియమం చెప్పడం సరికాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్గులు తీయాలి, ఇందులో మాత్రం రెండో మాట లేదు. తీసేముందు ప్లగ్గు చుట్టూ ఉండే గుంటలోని దుమ్మును గాలితో ఊదేయండి, లేకపోతే అదంతా సిలిండర్‌లో పడుతుంది.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. మొదటి మిత్రుడు చెప్పినట్టు ముందు వైర్లు కొలిచాను. ఎనిమిదీ సరిగానే చూపించాయి. మరల మీద పూత ఉంది కనుక పేస్టు రాయకుండా ప్లగ్గులు మాత్రం మార్చాను. 1 మిల్లీమీటరు ఉండవలసిన గ్యాప్ పాతవాటిలో ఒకటిన్నర దాకా పెరిగింది. మిస్సింగ్ బాగా తగ్గింది, పది రోజులు నడిపాను. ఆ తర్వాత వాన పడిన రోజు, బరువు లేకుండానే మళ్లీ మొదలైంది.

ఆ రాత్రి తుంపర చల్లి చూస్తే వెనుక వైపు ఒక క్యాప్ దగ్గర రవ్వలు స్పష్టంగా కనిపించాయి. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగను శుభ్రం చేసే భాగంలోకి) చేరి దానిని కాల్చేస్తుందన్న భయంతో ఇక బండి నడపకుండా, మర్నాడు వైర్ల సెట్టంతా మార్చాను. మీటరులో బాగున్న ఆ వైరు క్యాప్ లోపల నల్ల గీత ఉంది. పది రోజుల క్రితం పెట్టిన కొత్త ప్లగ్గు పింగాణీ మీద కూడా, తుడిచినా పోని సన్నని గీత పడింది. ఆ ఒక్క ప్లగ్గును మళ్లీ కొని మార్చాను.

సమాధానం 1

మీరు రాసింది చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. ఇటీవలే వేసిన వైర్లయితే కొలిచి ఉంచడమే మేలని ఇప్పటికీ అంటాను. బండితో వచ్చి మేనిఫోల్డ్ పక్కన అన్నేళ్లు కాలిన క్యాప్‌ల విషయంలో మాత్రం, మీటరు మంచివని చెప్పినా ఇకపై నమ్మను.