పెద్ద తొట్లలో ఐరిస్: దుంపను ఎంత లోతున నాటాలి?

ప్రశ్న
ఆరుబయట, వాన నేరుగా పడే చోట ఉంచిన 45 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్లలో బియర్డెడ్ ఐరిస్ (రేకుల మీద గడ్డంలాంటి నూగు ఉండే పూల మొక్క) నాటాలనుకుంటున్నాను. దుంపను పూర్తిగా కప్పాలని కొందరు, పైకి కనబడేలా ఉంచాలని మరికొందరు అంటున్నారు. తొట్టి అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు త్వరగా దిగిపోతుందన్న మాట ఎంతవరకు నిజం? ఇదే తొట్టిలో జపనీస్ ఐరిస్‌ను కూడా పెంచవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.

సమాధానం 1
ఈ దుంప అల్లం కొమ్ములా అడ్డంగా పాకుతుంది కనుక దాని వీపు ఎండకు కనబడాలి, వేళ్లు మాత్రమే మట్టిలోకి దిగాలి. తొట్టిలో మట్టిని చిన్న గుట్టగా చేసి, దాని మీద దుంపను కూర్చోబెట్టి, వేళ్లను ఇరువైపులా వాలుగా పరచి మట్టితో అదమండి. ఎండ మరీ తీవ్రంగా ఉండే చోట సెంటీమీటరు మందాన మట్టి కప్పినా నష్టం లేదు. దుంప ఆకులున్న వైపుకే సాగుతుంది కాబట్టి, మొండి కొసను తొట్టి అంచు వైపు ఉంచి, ఆకుల కొసను మధ్యకు తిప్పితే పిలకలకు చోటు మిగులుతుంది. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. మీ తొట్టిలో మూడు దుంపలు పడతాయి.

సమాధానం 2
గులకరాళ్ల పొర మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. సన్నని మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా నానేదాకా రాళ్ల ఖాళీల్లోకి దిగదు. అంటే తడి నిలిచే పొర దుంపకు మరింత దగ్గరగా వస్తుంది. దానికి బదులు మిశ్రమమంతటా ముతక ఇసుక గాని పెర్లైట్ (తేలికైన తెల్లని గుల్ల రాతి గుళికలు) గాని కలిపి, తొట్టిని ఇటుకల మీద ఎత్తి, అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి.
జపనీస్ ఐరిస్‌ను మాత్రం కలపవద్దు. అది ఆమ్ల గుణం గల తడి మట్టిని కోరుతుంది. ఎదిగే కాలంలో దాని తొట్టిని లోతు తక్కువ నీటి పళ్లెంలో ఉంచినా సంతోషంగా పెరుగుతుంది. ఆ తడిలో బియర్డెడ్ ఐరిస్ కుళ్లిపోతుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. ఎరువు ఏది వేయాలి? కుళ్లు సోకితే మొక్కను కాపాడుకోగలమా?

సమాధానం 3
నత్రజని తక్కువగా ఉన్న ఎరువును వసంతారంభంలో ఒకసారి, పూత ముగిశాక మరోసారి, దుంపకు తగలకుండా చుట్టూ వేయండి. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరుగుతాయి గాని పూలు తగ్గుతాయి, మెత్తబడిన మొక్కకు కుళ్లు కూడా సులువుగా సోకుతుంది. దుంపల మీద ఎండుగడ్డి, ఆకుల వంటివి కప్పకండి.
పైన చెప్పిన మూడు దుంపలు నా దృష్టిలో ఎక్కువే. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, దాని పక్క పిలకలే పూస్తాయి. అవి తొట్టిని త్వరగా నింపేస్తాయి కనుక రెండు మూడేళ్లకొకసారి విడదీసి నాటక తప్పదు. ఒక్క దుంపతో మొదలుపెడితే ఆ పని కొంత ఆలస్యమవుతుంది.
కుళ్లు బాక్టీరియా వల్ల వస్తుంది: దుంప వేలితో నొక్కితే దిగబడేంత మెత్తబడి, దుర్వాసన వేస్తుంది. తవ్వి తీసి, గట్టి తెల్లని కండ కనబడేదాకా కోసి, ప్రతి కోతకూ కత్తిని శుభ్రం చేసి, కోసిన చోటు ఎండి పొర కట్టాక కొత్త మట్టిలో నాటండి.