వ్యవసాయ చదువుల స్కాలర్‌షిప్‌కు బాండు, సాత్‌బారా రెండూ కావాలా?

గోదారి_ఒడ్డు:
అందరికీ నమస్కారం. మహారాష్ట్ర సిరొంచ తాలూకా నుంచి వ్యవసాయ కాలేజీల్లో చేరే మన పిల్లలకు సాయం చేద్దామని వేసుకుంటున్న చందా కొంత జమైంది. ఇక రూల్స్ రాయాలి. ముసాయిదాలో మూడు షరతులున్నాయి. పిల్లలు ఈ తాలూకా వాళ్లే కావాలి. తండ్రి లేదా తాత పేరున సాత్‌బారా (7/12, అంటే మహారాష్ట్రలో భూమి హక్కు కాగితం) ఉండాలి. చదువయ్యాక మూడేళ్లు గడ్చిరోలి జిల్లాలోనే పనిచేస్తామని బాండు రాయాలి. ఆదివారం కూర్చుంటున్నాం, అంతలోపు మీ మాట చెప్పండి.

నల్లరేగడి:
మూడేళ్లు చాలదు, ఐదేళ్లు పెట్టండి. 2021లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చింది, మర్చిపోయారా? పాత తామర పురుగు ఆకు మీద ఉండేది. ఇది పువ్వులో దూరి కూర్చుంది, పూత పూతంతా రాలిపోయింది. దుకాణం వాళ్లు వారానికో కొత్త మందు చేతిలో పెట్టారు, కొట్టినకొద్దీ పురుగు పెరిగింది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, ఒకే మందు మళ్లీ మళ్లీ కొట్టకండి అని చెప్పే మనిషి దొరకలేదు. ఆ ఏడాది మిర్చి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోతే కూలి ఖర్చు కూడా రాలేదు. మన దగ్గర బీఎస్సీ అగ్రి చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఒకాయన నాగపూర్‌లో బ్యాంకులో, ఇంకొకాయన మందుల కంపెనీలో. మన పైసలతో చదివి మనకే మందులు అమ్మడానికి వస్తారా?

ప్రాణహిత_గట్టు:
నాగపూర్ బ్యాంకులో ఉన్నది నేనే అన్నా, చాటుగా అనడం ఎందుకు? నేను ఎవరి చందాతోనూ చదవలేదు.

బాండు రాసి తిరిగొచ్చిన పిల్లాడు ఎక్కడ పనిచేయాలో ముందు అది చెప్పండి. రైతులకు సలహాలిచ్చే కృషి విజ్ఞాన కేంద్రం గడ్చిరోలి పక్కన సోనాపూర్‌లో ఉంది, మనకు సుమారు 200 కిలోమీటర్లు. అక్కడ ఉండే పోస్టులే కొన్ని. సర్కారు కొలువు కావాలంటే పోటీ పరీక్ష రాయాలి, ఎక్కడ వేస్తే అక్కడికి పోవాలి. ఇక సొంతంగా పెట్టుకోవడం. వ్యవసాయం చదివినవాళ్లు రైతులకు సలహా కేంద్రం పెట్టుకోవడానికి కేంద్ర సర్కారు 2002 నుంచి అగ్రి క్లినిక్ పథకం నడుపుతోంది. 45 రోజుల శిక్షణ ఇస్తారు. 20 లక్షల దాకా ప్రాజెక్టుకు బ్యాంకు అప్పు, అందులో 36 శాతం సబ్సిడీ, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం. వినడానికి బాగుంది. అప్పు కాగితాలు చూసే కుర్చీలో కూర్చున్నవాడిని కాబట్టి చెప్తున్నా, చేతిలో డిగ్రీ తప్ప ఏమీ లేని ఇరవై రెండేళ్ల పిల్లాడు వస్తే ఆ ఫైలు ఎన్నాళ్లు తిరుగుతుందో నాకు తెలుసు.

రాజురా_రోడ్డు:
బాండు తప్పితే ఏం చేస్తారు, కోర్టుకు పోతారా? మన చందాకు రిజిస్ట్రేషనే లేదు.

నల్లరేగడి:
సర్కారు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్లకు బాండు ఉంది కదా! వాళ్లు రాయగా లేనిది వీళ్లకు ఏం నొప్పి?

ప్రాణహిత_గట్టు:
డాక్టరును పంపడానికి ఆస్పత్రి ఉంటుంది, నెలకు జీతం ఉంటుంది. మీ బాండులో జీతం ఎవరిస్తారో రాయండి, మొదటి సంతకం నేనే పెడతా.

పత్తి_చేను:
ఒక చిన్న డౌటు. డిప్లొమా వాళ్లకు ఇస్తారా? మా తమ్ముడు పదో తరగతి తర్వాత కృషి తంత్రనికేతన్‌లో, అంటే వ్యవసాయ డిప్లొమా బడిలో చేరాడు. ముసాయిదాలో కాలేజీ అని మాత్రమే ఉంది.

చెన్నూరు_బావ:
మా తెలంగాణ దిక్కు వచ్చి చదివే మీ పిల్లల సంగతేంది? మీకు గడ్చిరోలి కంటే మంచిర్యాలే దగ్గర.

గోదారి_ఒడ్డు:
దగ్గరే బావా, కానీ సీటు దగ్గర కాదు. తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో స్థానికుడిగా సీటు రావాలంటే ఇంటర్‌తో కలిపి వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివుండాలి. అట్లని పిల్లలను చిన్నప్పుడే నది దాటిస్తే రేపు ఇక్కడ మహారాష్ట్ర అభ్యర్థిగా నిలబడటానికి డొమిసైల్ కాగితాలతో కుస్తీ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బీఎస్సీలో చేరగానే అంతా ఇంగ్లిషు. మనవాళ్లు ఎక్కువగా అకోలా వ్యవసాయ విద్యాపీఠం కింది కాలేజీలకే పోతారు, గడ్చిరోలి, మూల్, వరోరా ఆనందవన్ వైపు. ఎక్కడ చదివినా తాలూకా పిల్లలైతే చాలని నా అభిప్రాయం.

వరి_మడి:
పెద్దవాణ్ని, ఒక మాట చెప్తా. మీరంతా తినే హెచ్‌ఎంటీ బియ్యం ఏ డిగ్రీవాడు తీశాడు? మన పక్క చంద్రపూర్ జిల్లా నాందేడ్ ఊళ్లో దాదాజీ ఖోబ్రగడే. మూడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. పటేల్-3 అనే వరి రకం మడిలో తేడాగా కనిపించిన వెన్నులు ఏరి, ఏళ్ల తరబడి వేసి చూసి ఆ రకం నిలబెట్టాడు. చేతి గడియారం పేరు పెట్టారు. చదువుకు పైసలిచ్చే బదులు పొలంలో పనిచేసే పిల్లలకు విత్తనానికి, మోటారుకు ఇవ్వండి.

ప్రాణహిత_గట్టు:
బాబాయ్, ఆ కథ సగంలో ఆపేశారు. 1994లో అకోలా విద్యాపీఠం వాళ్లు ఆయన దగ్గర విత్తనం తీసుకెళ్లారు. 1998లో పీకేవీ హెచ్‌ఎంటీ అని విడుదల చేశారు. నా రకాన్నే తీసుకున్నారని ఆయన చివరిదాకా చెప్తూనే ఉన్నాడు. 2018లో పోయేనాటికి చేతిలో ఏమీ లేదు. రైతుల రకాలను రిజిస్టర్ చేసుకునే చట్టం 2001లో గానీ రాలేదు. అలాంటి కాగితం చదివి, రాసి, వాదించే మనిషి మన ఊరికి ఒకడుండాలనే కదా ఈ స్కాలర్‌షిప్!

నల్లరేగడి:
ఊరికి ఒకడుండాలి అంటున్నావు. ఉండాలంటే బాండు కావాలి అని నేనూ అదే అంటున్నా. నువ్వే నా మాట ఒప్పుకున్నావు తమ్మీ.

మిరప_కల్లం:
మీరంతా బాండు దగ్గరే ఆగిపోయారు. మా పాప వ్యవసాయ కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. 2024 జులై నుంచి మహారాష్ట్రలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ ఇళ్ల ఆడపిల్లలకు ఇలాంటి కోర్సుల్లో ఫీజు మాఫీ అయింది. మంచిదే. కానీ మాకు భారం ఫీజు కాదు. మెస్, గది, బస్సు. మహాడీబీటీ (మహారాష్ట్ర సర్కారు స్కాలర్‌షిప్ పోర్టల్) పైసలు ఎప్పుడు పడతాయో దేవుడికే తెలియాలి, మెస్ వాళ్లు మాత్రం ఒకటో తారీఖునే అడుగుతారు. కాబట్టి నెలనెలా ఇవ్వండి. ఇంకోటి, సాత్‌బారా షరతు ఎవరు పెట్టారు? దాని మీద ఒక్కరూ మాట్లాడలేదేం?

పత్తి_చేను:
డిప్లొమా సంగతి కూడా ఎవరూ మాట్లాడలేదు అక్కా.

నల్లరేగడి:
సాత్‌బారాలో తప్పేముంది? రైతు పిల్లలకు ఇస్తున్నాం, రైతు అని తెలియాలి కదా. సర్కారు కూడా వ్యవసాయ ప్రవేశాల్లో సాత్‌బారా చూసే రైతు పిల్లలకు మార్కులు కలుపుతూ వచ్చింది. మనం కొత్తగా కనిపెట్టింది కాదు.

అడవి_అంచు:
మా నాన్న తరం నుంచి దున్నుతున్న భూమి అటవీ శాఖ లెక్కలో అతిక్రమణ. మేం ఆదివాసులం కాదు, కాబట్టి 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు అడగాలంటే 2005 డిసెంబరుకు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు ఇక్కడున్నట్టు రుజువు చూపాలి. తాత పేరున రేషన్ కార్డు కూడా లేదు. మేం రైతులం కామా మరి?

రాజురా_రోడ్డు:
మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లలో మునిగిన ఊళ్లలో ఇంకో చిత్రం. సాత్‌బారాలో భూమి ఉంటుంది, బ్యారేజీలో నీళ్లు నిలిపినన్నాళ్లు ఏడాదిలో చాలా రోజులు నీళ్లే ఉండేవి. వాళ్లకు కాగితం ప్రకారం వస్తుంది, సంతోషం.

నల్లరేగడి:
అడ్డదిడ్డం మాటలొద్దు. ఒక్కొక్కరి కష్టానికి ఒక్కో రూలు రాయలేం. నేనూ నష్టపోయినవాడినే. 2021లో ఆ మిరప తోటలో మందు కొట్టీ కొట్టీ చేతులు కాలాయి. అయినా సాత్‌బారా ఉంది కాబట్టి రైతునని నిరూపించుకోగలను. లేనివాళ్లు కూలీ పిల్లల స్కీములు చూసుకోవాలి. పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ పేరున హాస్టల్ భత్యం ఉంది, నమోదైన కూలీల పిల్లలకూ ఇస్తారు.

మిరప_కల్లం:
చేతులు ఎవరివి కాలాయి అన్నా?

మీరు పేరు పెట్టుకోకపోయినా తోట నాకు తెలుసు. ఆ ఏడు ఆ తోట కౌలుకు చేసింది మేము. పంపు వీపుకు కట్టుకుని మందు కొట్టింది మా ఇంటాయన. మీరు సాయంత్రం బండి మీద వచ్చి గట్టున నిలబడి ఎంత రాలిందో చూసి పోయేవారు. కౌలు పైసలు ముందే ఇచ్చాం, పంట పోయినా ఒక్క రూపాయి తగ్గించలేదు. మరుసటి ఏడు వరద నష్టం డబ్బులు మీ ఖాతాలో పడ్డాయి, సాత్‌బారా మీది కదా! ఇప్పుడు మా పాప కూలీ పిల్లల స్కీము చూసుకోవాలా?

చెన్నూరు_బావ:
అమ్మో.

ప్రాణహిత_గట్టు:
అక్కా, ఈ మాట మొదటే చెప్పాల్సింది. రెండు రోజుల నుంచి మేం బాండు మీద కొట్టుకుంటున్నాం.

మిరప_కల్లం:
మొదటే చెప్తే వచ్చే ఏడు ఆ పొలం ఇస్తారా తమ్మీ?

నల్లరేగడి:
ఇంటి సంగతులు నలుగురిలో పెట్టడం పద్ధతి కాదు. పెట్టారు కాబట్టి నేనూ ఉన్నదున్నట్టు చెప్తా. కౌలు అని నేనెక్కడా కాగితం రాయను, ఈ తాలూకాలో ఎవరూ రాయరు. విదర్భకు 1958 నుంచి కౌలు చట్టం ఉంది, దున్నేవాడికి హక్కు వస్తుంది. మా నాన్న కాలంలో అట్లా భూములు పోగొట్టుకున్న ఇళ్లు నేను చూశాను. రేపు మీ స్కాలర్‌షిప్ దరఖాస్తులో ‘ఫలానావారి పొలం కౌలుదారు’ అని రాసి, గ్రామ పంచాయతీ ముద్ర వేయించి ఇస్తారు. ఎల్లుండి అదే కాగితం తహసీల్ కచేరీలో నా మీదికి వస్తుంది. పిల్లలు చదువుకుంటే నాకేం మంట? నా భయం ఆ కాగితం.

ప్రాణహిత_గట్టు:
అంటే సాత్‌బారా షరతు పెట్టింది మీరే.

నల్లరేగడి:
నేనొక్కణ్నే కాదు. చందాలో పెద్ద మొత్తాలు ఇచ్చిన వాళ్లందరం.

రాజురా_రోడ్డు:
ఇప్పుడు అర్థమైంది.

వరి_మడి:
నేను కౌలుకిచ్చినవాణ్నే, చేసినవాణ్ని కూడా. ఇద్దరి బాధా నిజమే. కానీ పిల్ల చదువు మధ్యలో భూమి తగాదా తేకండి.

గోదారి_ఒడ్డు:
ఒక దారి చెప్తా. దరఖాస్తులో భూమి ఎవరిదో రాయనక్కర్లేదు. ‘ఈ కుటుంబం సేద్యం మీద, పొలం పని మీద బతుకుతోంది’ అని గ్రామసభ ఒక్క వాక్యం రాసిస్తే చాలు. సర్వే నంబరు ఉండదు, యజమాని పేరు ఉండదు. అడవి అంచు భూములవాళ్లకూ ఇదే పనికొస్తుంది. పత్తి_చేను తమ్మీ, డిప్లొమా వాళ్లను కూడా చేర్చుదాం, ఇక అడక్కు.

పత్తి_చేను:
థాంక్స్ అన్నా. రెండేళ్ల డిప్లొమాకు కూడానా?

నల్లరేగడి:
యజమాని పేరు, సర్వే నంబరు రాకుండా ఉంటే ఆలోచిస్తా. కానీ అప్పుడు బాండు మాత్రం ఐదేళ్లే. మా పైసలతో చదివి వెళ్లిపోతామంటే కుదరదు. ఆ ఒక్కటి తీసేస్తే నా చందా వాపసు తీసుకుంటా.

మిరప_కల్లం:
బాండు మా పాప రాస్తుంది, ఐదేళ్లు కాదు పదేళ్లకు రాస్తుంది. వచ్చి ఎక్కడ చేయాలి? పోయిన సంక్రాంతికి మీరు కౌలు పెంచారు, ఇవ్వలేకపోతే వేరేవాళ్లున్నారని అన్నారు. ఆ అయిదెకరాలు ఆమె బాండు ఉన్నన్నాళ్లు మా దగ్గరే ఉంచుతానని మీరూ ఒక కాగితం రాయండి. ఆదివారం ఇద్దరం ఒకేసారి సంతకం పెడదాం.

నల్లరేగడి:
ఆదివారం మాట్లాడదాం.