అడమ్స్ వెళ్ళాక ఆ లోటు బవర్స్ తీర్చినట్టేనా?

ప్రశ్న: 2024 అక్టోబర్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ (NFL) జట్టు రైడర్స్ తన రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) డవాంటే అడమ్స్‌ను జెట్స్ జట్టుకి పంపేసింది. కొత్తగా వచ్చిన టైట్ ఎండ్ (అడ్డుకోవడం, పాస్‌లు పట్టడం రెండూ చేసే ఆటగాడు) బ్రాక్ బవర్స్ ఆ సీజన్‌లో 112 క్యాచ్‌లు, 1,194 గజాలు చేశాడు. రిసీవర్ లోటు తీరినట్టేనా?

జవాబు 1: అంకెల్లో తీరింది. 1961 నుంచి నిలిచిన మైక్ డిట్కా 1,076 గజాల రూకీ (మొదటి సీజన్ ఆటగాడు) టైట్ ఎండ్ రికార్డు కూడా పోయింది. పని మాత్రం వేరండీ. అడమ్స్ సైడ్‌లైన్ దగ్గర కార్నర్‌ను (అంచున రిసీవర్‌ను కాపలా కాసే డిఫెండర్) ఒంటరిగా ఓడించేవాడు. బవర్స్‌కి బలం మధ్యలో, లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో ముందు వరుస వెనక నిలబడేవాడు) వెనక ఖాళీలో. బయట భయపెట్టేవాడు లేకపోతే సేఫ్టీ (అందరికన్నా వెనక ఉండే డిఫెండర్) కిందికి దిగి ఆ ఖాళీ మూసేస్తాడు.

జవాబు 2: అందుకే ముగ్గురు రిసీవర్లను ఒకవైపు పెట్టి, బవర్స్‌ను రెండోవైపు అంచున ఒక్కణ్ణే నిలబెట్టాలి. వెంట లైన్‌బ్యాకరో సేఫ్టీయో వస్తే చాలావరకు మ్యాన్ కవరేజ్ (ఒక్కో డిఫెండర్ ఒక్కో ఆటగాణ్ణి కాయడం), కార్నరే అక్కడ ఉంటే జోన్ (ఒక్కొక్కరు ఒక్కో చోటును కాయడం). బంతి కదలకముందే పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి తెలిసిపోతుంది. మ్యాన్ అయితే స్లాంట్ (ఏటవాలుగా మధ్యలోకి పరుగెత్తే పాస్) వేయాలి, ఆ వేగాన్ని లైన్‌బ్యాకర్ అందుకోలేడు.

జవాబు 1: ఒప్పుకుంటాను. కానీ అవతల రిసీవర్ జకోబి మేయర్స్ 1,027 గజాలు చేశాడు కాబట్టే అది నడిచింది. అయినా జట్టు 4-13తోనే (4 గెలుపులు, 13 ఓటములు) ముగించింది.