ఎలిజబెత్ కీత్ కొరియా బొమ్మల గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. స్కాట్లండ్‌లో 1887లో పుట్టిన చిత్రకారిణి ఎలిజబెత్ కీత్ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను, ఒకటి రెండు చోట్ల ఆగిపోయాను. 1915లో టోక్యోలో ఉన్న తోబుట్టువు దగ్గరికి వెళ్లిన ఆవిడ అక్కడే ఉండిపోయి, 1919లో కొరియా కూడా వెళ్లారు. సరిగ్గా ఆ మార్చిలోనే అక్కడి జనం జపాన్ పాలన వద్దని వీధుల్లోకి వస్తే ప్రభుత్వం దారుణంగా అణిచేసింది. అలాంటి రోజుల్లో ఈవిడ కొరియా పండితుల్ని, పెళ్లికూతుళ్లని, ఒక వితంతువుని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎంతో గౌరవంగా వేశారు. ఆ వితంతువు ముఖం చూస్తే నాకు గుండె పట్టేసినట్టు ఉంటుంది.

నీటి రంగుల్లో వేసిన చాలా బొమ్మల్ని తర్వాత టోక్యోలో అచ్చు బొమ్మల ప్రచురణకర్త వతనబె షోజబురో దగ్గర పనివాళ్లు చెక్క మీద చెక్కి అచ్చు వేశారు కదా, నా మొదటి సందేహం అక్కడే. నెట్‌లో ఒకే బొమ్మ రంగులు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి, అది వేర్వేరు విడతల్లో అచ్చు వేయడం వల్లా లేక ఫోటోల తేడానా? అసలు అచ్చుని తర్వాత తీసిన నకలు నుంచి ఎలా గుర్తుపట్టాలి, సంతకం చూసా, ముద్ర చూసా, కాగితం చూసా?

సియోల్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఎవరైనా ఈ బొమ్మల్ని నేరుగా చూసి ఉంటే ఎక్కడ చూశారో దయచేసి చెప్పండి. వ్యాసం ఈ నెలాఖరుకి ఇవ్వాలి, కొంచెం టెన్షన్‌గానే ఉంది.