పక్కింటి కొత్త మేడ నీళ్లన్నీ మా వాకిట్లోకే, ఏం చేయాలి?

నెల్లూరులో మాది పాత ఇల్లు. పక్కాయన స్థలంలో మట్టి తోలించి బాగా మెరక చేసి మేడ కడుతున్నాడు, డాబా పైపులు రెండూ మా గోడవైపే వదిలాడు. మొన్నటి వానకే నీళ్లు వరండా ఎక్కాయి. అడిగితే, నీళ్లు పల్లానికి కాక ఎటు పోతాయి అంటాడు. 2021 నవంబర్ లాంటి వాన మళ్లీ వస్తే మంచంలో ఉన్న అమ్మని పెట్టుకుని ఏం చేయాలో తెలియక ఒకటే టెన్షన్.

జవాబు 1:
అన్నా, ఆయన చెప్పింది సగమే నిజం. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కవాళ్ల స్థలం మీద ఉండే వాడుక హక్కుల చట్టం) ప్రకారం మెరక మీద నుంచి సహజంగా పారే వాన నీటిని పల్లంలో ఉన్నవాళ్లు రానివ్వాలి, అంతేగానీ డాబా నీళ్లు పైపులో పట్టి మీ మీద పోసే హక్కు దాంతో రాదు. ఆ హక్కు రావాలంటే 20 ఏళ్లు అడ్డు లేకుండా సాగాలి, అందుకే ఇప్పుడే కాగితం మీద అభ్యంతరం చెప్పండి. వాన పడుతుండగా వీడియో తీసి, మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

జవాబు 2:
ముందు మేస్త్రీతో మాట్లాడండి. ప్లాస్టరింగ్ కాకముందే అయితే పైపుల్ని వీధి కాలువ వైపు తిప్పడం చిన్న పని.

జవాబు 3:
మాది ఒంగోలు, నల్లరేగడి నేల. నీళ్లు నిలిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది, గోడలు బీటలిస్తాయి. ఇంకుడు గుంత తవ్వితే చాలంటారు గానీ ఈ మట్టిలో నీళ్లు త్వరగా ఇంకవు. గోడ వెంబడి వీధి వైపు వాలుగా సిమెంటు కాలువ కట్టించండి, ఖర్చు ఆయన్నే పెట్టుకోమనండి.

అడిగినవారు:
థ్యాంక్సండీ, రేపే మేస్త్రీని కలుస్తా. అర్జీ కూడా రాస్తున్నా.