రామతీర్థంలో తాళపత్రం దొరికినట్టు థ్రిల్లర్ రాస్తున్నా, నమ్మేలా ఉందా?

గంటస్తంభం కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం. పాత గ్రంథం ఒకటి దొరకడం, దాని కోసం హత్యలు, చివరికి మతాలన్నీ ఒకటేనని తేలడం, ఇలాంటి ఇంగ్లీషు నవలలు ఓ పాతిక దాకా నమిలేశాను. ఇప్పుడు నేనే తెలుగులో ఒకటి మొదలుపెట్టాను. ఆరు అధ్యాయాలయ్యాయి, ఏడో దాని దగ్గర బండి ఆగిపోయింది.

కథేంటంటే, రామతీర్థం గురుభక్తులకొండ మీద ఇటుకల శిథిలాల్లో ఒక మట్టికుండ, అందులో రెండు వేల ఏళ్ల నాటి తాళపత్ర గ్రంథం. ఒక కొండ మీద బౌద్ధం, ఇంకో కొండ మీద జైనం, ఆ పక్కనే రాముడి గుడి, ఇంతకంటే మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి! ఆ గ్రంథంలో ఏముందంటే, యేసు కుర్రవాడిగా ఉన్నప్పుడు ఓడెక్కి కళింగపట్నం రేవులో దిగి, శాలిహుండం భిక్షువుల దగ్గర చదువుకున్నాడని, అన్ని మతాలకీ మూలం ఆ ఒక్క బోధేనని. దాన్ని తగలబెట్టాలని ఒక ముఠా, బయటపెట్టాలని మన హీరో, ఆయన సంస్కృతం లెక్చరర్.

నా రూమ్మేట్ చదివి ఒక్క మాటన్నాడు, "మా నాన్న పాస్టరు, ఇది ఆయన చేతిలో పెట్టలేనురా" అని. అప్పట్నించి చెయ్యి ఆడటం లేదు. అందర్నీ కలపాలనే కదా రాస్తున్నాను, మరి ఎక్కడ తేడా కొడుతోంది? మొహమాటం లేకుండా చెప్పండి.

టెక్కలి టైగర్:
ముందు హీరో కాలేజీకి సెలవు చీటీ ఇచ్చాడో లేదో చూడు. ఈ నవలల్లో లెక్చరర్లు నెల్లాళ్లు గుహలెంట తిరుగుతారు, ఒక్కడికీ మెమో రాదు.

వంశధార గట్టు:
తమ్ముడూ, మీ కథలో నాకు మొదట గుచ్చుకున్నది తాటాకు. రెండు వేల ఏళ్లా! మన ఉక్కపోతకి, మన చెదలకి మూడు నాలుగు వందల ఏళ్లు నిలిచిందంటేనే దండం పెట్టాలి. అంత పాతవి దొరికినవి ఎడారి లాంటి పొడి నేలల్లో. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ వైపు మట్టికుండల్లో బౌద్ధ గ్రంథాలు దొరికిన మాట నిజమే, కానీ అవి భూర్జపత్రాలు, అంటే చెట్టు బెరడు మీద రాసినవి, తాటాకులు కావు. ఏటా తుఫాను తగిలే మన కొండ మీద కుండ తీస్తే లోపల మట్టే ఉంటుంది.

మా తాతగారింట్లో అటక మీద రెండు కట్టలుండేవి, వైద్యం ఒకటి, జాతకాలు ఒకటి. ఘంటంతో గీసినప్పుడు అక్షరం కనపడదు, మసి పూసి తుడిస్తేనే గీతల్లోకి దిగి నల్లగా తేలుతుంది. ఎప్పుడో ఒకసారి నిమ్మగడ్డి నూనె రాసి ఆరబెట్టేవారట. ఒక కట్ట మా అమ్మమ్మ కాలంలోనే నీళ్ల కాగు కింద పొయ్యిలోకి పోయింది, ఎవరూ దుర్మార్గులు కాదు, చదివేవాళ్లు లేరు అంతే. రెండోది 2018లో తిత్లీ తుఫానుకి పెంకులు లేచిపోయి తడిసి ముద్దయింది, ఆకులన్నీ అట్టలా అతుక్కుపోయాయి. గ్రంథాన్ని తగలబెట్టడానికి ముఠా ఎందుకు బాబూ, మన ఇళ్లే చాలు.

అయినా కథ మానేయకు. తాటాకు నిలవదు కాబట్టి ప్రతి రెండు మూడు తరాలకీ ఎవరో ఒకరు కూర్చుని కొత్త ప్రతి రాయాలి. ఆ లేఖకులు చివర్లో ఒక శ్లోకం రాసుకునేవారు, "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా, అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న దీయతే". నేను చూసింది చూసినట్టు రాశాను, తప్పో ఒప్పో నా నెత్తిన వేయకండి అని. నువ్వు రాసేది థ్రిల్లర్ కదా, అలా ముందే చేతులు కడుక్కున్నవాణ్ని కాకపోతే ఇంకెవర్ని అనుమానిస్తావు! నీ గ్రంథాన్ని 1700ల నాటి ప్రతి చెయ్యి, మధ్యలో ఎవడో నాలుగు ఆకులు కలిపాడను. అప్పుడు నేను నమ్ముతాను.

అయ్యకోనేరు మాస్టారు:
పైన చెప్పినాయన మాటకి నా ఓటు. ఇక యేసు సంగతి. ఈ కథ నీకంటే ముందే ఒకాయన చెప్పేశాడు బాబూ. నొటోవిచ్ అనే రష్యన్ విలేకరి 1894లో ఫ్రెంచిలో పుస్తకం వేశాడు, లడఖ్‌లో కాలు విరిగి హెమిస్ మఠంలో పడి ఉంటే లామాలు "ఈసా", అంటే యేసు, చరిత్ర చదివి వినిపించారని. తెగ అమ్ముడుపోయింది. అదే ఏడాది సంస్కృత పండితుడు మాక్స్‌ముల్లర్ ఒక వ్యాసం రాశాడు, ఆ లామాలైనా ఈయన్ని ఆటపట్టించి ఉండాలి, లేదా ఈయనైనా అల్లి ఉండాలి అని. మరుసటేడు డగ్లస్ అనే ప్రొఫెసరు హెమిస్ దాకా వెళ్లి పెద్ద లామానే అడిగితే, అలాంటి పుస్తకమే లేదు పొమ్మన్నాడు.

ఇందులో మన ఊరి ముక్క ఒకటుంది, నాకదే సరదా. ఆ మాక్స్‌ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణ, నాలుగు సంపుటాలు, 1890 నుంచి 92 దాకా వచ్చింది, దానికి డబ్బు పెట్టింది మన ఆనంద గజపతి మహారాజు. నీ హీరో పరిశోధన కోటలోంచి మొదలుపెట్టొచ్చు, హెమిస్ దాకా పోనక్కర్లేదు.

ఇంకొకటి విను, ఇది నొటోవిచ్ కంటే రుచిగా ఉంటుంది. "ఎజుర్వేదం" అని ఫ్రెంచిలో ఒక వేదం, యజుర్వేదం పేరే అలా వంకర తిరిగింది. అది ఫ్రెంచి రచయిత వోల్టేర్ చేతికొచ్చింది, ఆయన మురిసిపోయి 1761లో ఫ్రెంచి రాజుగారి గ్రంథాలయానికి ఇచ్చాడు. బైబిలుకంటే పాతది, ఒకే దేవుడంటోంది, చర్చి వాళ్ల నోరు మూయించొచ్చు అని ఆయన సంబరం. తీరా 1822లో ఎల్లిస్ వ్యాసం అచ్చయింది, అదే, తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని మొదట వాదించిన ఇంగ్లీషు దొర ఎల్లిస్. ఇలాంటి ప్రతులు పుదుచ్చేరిలో క్రైస్తవ మిషనరీల దగ్గరే ఉన్నాయని ఆయన చూపించాడు. అంటే హిందువుల చేత ఒకే దేవుణ్ణి ఒప్పించడానికి మిషనరీలు రాసుకున్నదాన్ని పట్టుకుని వోల్టేర్ ఆ మిషనరీల మతాన్నే కొట్టాడు! ఇంత మలుపు నీ నవలలో ఉందా?

పార్వతీపురం ప్యాసింజర్:
మీ రూమ్మేట్ మాట నాకు అర్థమైంది, ఎందుకంటే నేనూ ఆ ఇంటి పిల్లనే, చిన్నప్పట్నించి ఆదివారం గుడికి, అంటే చర్చికి, వెళ్లేదాన్ని. ఈ నవలలు నాకూ ఇష్టమే, రాత్రంతా కూర్చుని చదువుతాను, కానీ ఒకటి గమనించండి, అన్ని మతాలూ ఒకటే అని తేల్చే ప్రతి కథలోనూ ఎవరిదో ఒకరి పుస్తకం తప్పని తేలుతుంది, మిగతావాళ్లు పెద్దమనసుతో భుజం తడతారు. మీ కథలో మీ కొండలు మీకున్నాయి, మీ గుడి మీకుంది, మా యేసు మాత్రం మీ ఊళ్లో ట్యూషన్‌కి వచ్చాడు. అది కలపడం కాదండీ, చేర్చుకోవడం. ఇదే కథ తిప్పి రాస్తే, అంటే పాత సువార్త ఒకటి దొరికి రాముడు అక్కడెక్కడో చదువుకున్నాడని తేలితే, మీ వీధిలో ఎవరికైనా చదవమని ఇస్తారా?

కోపంతో అనలేదు. బాబామెట్ట దర్గాకి మా ఎదురింటి హిందువుల ఆవిడ వెళ్తుంది, వాళ్ల అమ్మాయి పెళ్లికి కూడా అక్కడ మొక్కుకున్నారు. ఆవిడకి ఏ గ్రంథం దొరికిందని?

గంటస్తంభం కుర్రాడు:
అక్కా, ట్యూషన్ మాట దగ్గర నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. తిప్పి రాస్తే నేను మా నాన్నకి కూడా చూపించలేను, నిజం. మరి యేసు ముక్క తీసేస్తే మిగిలేది ఏముంది? థ్రిల్లర్ అన్నాక రహస్యం ఒకటి ఉండాలి కదా.

అయ్యకోనేరు మాస్టారు:
రహస్యం కావాలంటే దారాషికో దగ్గరికి వెళ్లు. షాజహాన్ పెద్దకొడుకు. 1657లో కాశీ నుంచి పండితుల్ని, సన్యాసుల్ని పిలిపించుకుని ఢిల్లీలో కూర్చుని యాభై ఉపనిషత్తుల్ని పారశీకంలోకి దింపాడు, పేరు "సిర్ర్-ఎ-అక్బర్", మహా రహస్యం అని. ఖురాన్‌లో "దాచి ఉంచిన గ్రంథం" అనే మాట ఉంది, ఆ గ్రంథం ఉపనిషత్తులేనని ఆయన నమ్మకం. ఈ అమ్మాయి చెప్పినదానికి ఇది జవాబు కూడా, ఆయన ఎవరి పుస్తకాన్నీ అబద్ధం చేయలేదు, తన పుస్తకం వెలుగులోనే అవతలిది చదివాడు. రెండేళ్లకి, 1659లో, తమ్ముడు ఔరంగజేబు చంపించాడు. మతం తప్పాడన్నది నేరాల్లో ఒకటి, సింహాసనం గొడవ అసలుది. ఆ పారశీకం ప్రతే ఒక ఫ్రెంచాయన చేతికి చిక్కి 1801-02లో లాటిన్‌లో అచ్చయింది, అలా యూరప్ ఉపనిషత్తులు చదివింది. హత్య ఉంది, ప్రతి చేతులు మారడం ఉంది, నువ్వు కొత్తగా కల్పించాల్సింది ఏముంది!

రామతీర్థం వదలనంటావా, అక్కడా అసలైనది ఒకటుంది. దుర్గకొండ గుహలో కన్నడ శాసనం. విమలాదిత్యుడి కాలంలో, అంటే మన నన్నయ్యని పోషించిన రాజరాజనరేంద్రుడి తండ్రి కాలంలో, త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన ఆచార్యుడు వచ్చి "రామకొండ"కి మొక్కాడని ఉంటుంది. వేంగి రాజు, కన్నడ అక్షరాలు, జైన ముని, రాముడి పేరున్న కొండ. నాకైతే ఈ ఒక్క వాక్యం నీ ఆరు అధ్యాయాలకి సమానం.

వంశధార గట్టు:
శాసనమైతే చెదలు పట్టదు కూడా.

గంటస్తంభం కుర్రాడు:
సరే, యేసు ఓడ వెనక్కి వెళ్లిపోయింది. కుండ కూడా తీసేస్తున్నా. ప్రతి రాసేవాణ్ని కథలోకి తెస్తాను, 1700లు, రామతీర్థం పక్క పల్లె, తాటాకులో ఆ శాసనం మాట ఎత్తి రాస్తూ నాలుగు ఆకులు సొంతంగా కలిపేశాడు. ఎందుకు కలిపాడన్నదే ఇక రహస్యం, అది నాకే ఇంకా తెలీదు. ఈ ఆదివారం దుర్గకొండ ఎక్కి ఆ గుహ చూడాలనుకుంటున్నా, ఎవరైనా వస్తారా? రూమ్మేట్ వస్తానన్నాడు.

పార్వతీపురం ప్యాసింజర్:
ఆదివారమా? మీ రూమ్మేట్ వాళ్ల నాన్నని అడిగే వస్తున్నాడా? శనివారం పెట్టుకోండి, నేనూ వస్తాను.

టెక్కలి టైగర్:
ఎండ ఎక్కకముందే ఎక్కండి, నీళ్లు తీసుకెళ్లండి. హీరోని కూడా తీసుకెళ్తే సెలవు చీటీ పెట్టించండి.