అప్‌డేట్: మట్టి వాసన సెంటు దొరికింది

తొలకరి మట్టి వాసన వచ్చే సెంటు, నేనూ మా ఆయనా ఇద్దరం వాడుకునేలా, బెంగళూరులో ఎక్కడ దొరుకుతుందని అడిగాను కదా. మిట్టీ అత్తరు చూడమన్నవాళ్లకి చాలా థాంక్స్. శివాజీనగర్‌లో ఒక పాత అత్తరు కొట్లో దొరికింది.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ సరుకు ఇది. కాల్చిన మట్టిని రాగి పాత్రలో నీళ్లతో కాచి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తారు. అసలైన గంధం నూనె బాగా ఖరీదు, అందుకే చవకవాటిలో వేరే నూనె వాడతారు. ఏ నూనెలో తీశారో అడిగి కొనండి. మగవాళ్లదా, ఆడవాళ్లదా అంటే కొట్టు పెద్దాయన నవ్వేశారు.

రాసుకోగానే కొత్త కుండలో నీళ్ల వాసన. కాసేపటికి గంధం పైకి తేలుతుంది. నిజం వానలో వచ్చేది మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వాసనట. ఆ పచ్చిదనం ఇందులో కొంచెం తక్కువే. అయినా నాకు నచ్చింది. ఆల్కహాల్ లేదు కాబట్టి స్ప్రేలా గదంతా గుప్పుమనదు. ఆఫీసుకి అదే నయం.

చొక్కా మీద మాత్రం రాయకండి, నూనె మరక పడుతుంది. మా ఆయన మణికట్టుకే రాసుకుంటున్నారు.